మంచి మొహం కిందికి

ప్రయాణంలో నాలుగో రోజు పొద్దున పదింటికి మేస్త్రి భార్య చెప్పు తెగింది. కుడికాలిది. రెండు రోడ్లు కలిసే చోట ఒక బస్టాపు, దాని పక్కన రేకు నీడలో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన కనిపించేసరికి మేస్త్రి ట్రక్కుని పక్కకి తీసి ఆపాడు. మనుషుల బతుకుల్లో పెద్ద విషయాలు పెద్ద చోట్లే తేలతాయని పుస్తకాలు రాసేవాళ్ళు అనుకుంటారు. చాలావరకు అవి కాస్త నీడ దొరికిన చోట తేలిపోతాయి.

"ఏం లోడన్నా?" అన్నాడు చెప్పులాయన, ట్రక్కు వెనక తలుపుకేసి చూస్తూ.

"లోడు కాదు. ఇల్లు."

"ఎవరిల్లు?"

"మాదే."

చెప్పులాయన దబ్బనం పక్కన పెట్టి లేచి వచ్చాడు. మేస్త్రి వెనక తలుపులు తీసి, మెట్లపీట కింద వేసి, లోపల మంచం మీదున్న భార్యని చంకల కింద చేతులు వేసి లేపి, కూర్చోబెట్టి, నిలబెట్టి, ఒక్కో మెట్టూ దింపి, నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఇదంతా అయ్యేసరికి మేస్త్రికి చెమటలు పట్టాయి. ఆవిడ భుజానికి తగిలించుకున్న తోలు సంచీ సర్దుకుని, "లోడు నేనే అన్నయ్యా. సగం పనిచేస్తుంది, సగం ఊరికే వస్తోంది. హాఫ్ టిక్కెట్టు," అంది.

చెప్పులాయన నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసింది. ఆయన అంతకంటే ఎక్కువే వడ్రంగం చేశాడు. వాళ్ళిద్దరికీ పరిచయమైంది కూడా బస్సులోనే. తొమ్మిదడుగుల చెక్క ఒకటి భుజాన పెట్టుకుని ఎక్కబోయిన కుర్రాణ్ణి ఆవిడ మెట్టు మీదే ఆపేసింది. "మేస్త్రీ, నీకో టిక్కెట్టు, దానికో టిక్కెట్టు. అది కూర్చోనంటే నిలబెట్టు," అంది. అప్పటికి అతను మేస్త్రి కాదు, ఎవరి దగ్గరో పనిచేసే కూలీ. ఆవిడ పిలిచిన పిలుపుకి తగ్గట్టు అవడానికే అతను పనిలో అంత పట్టుదల చూపించాడని దగ్గరివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. పెళ్ళయ్యాక కూడా, కోపం వస్తే ఆవిడ "మేస్త్రీ" అంటుంది. మామూలప్పుడు "ఏమయ్యా". ఆయన ఏ వేళనైనా ఆవిణ్ణి కండక్టరమ్మా అనే అంటాడు.

రెండేళ్ళ కిందట ఆవిడ వంటింట్లో గ్లాసు అందుకోబోయి కింద పడింది. గ్లాసు పగల్లేదు గానీ ఆవిడ కుడి చెయ్యి, కుడి కాలు ఆగిపోయాయి. ఏడు నెలలు రబ్బరు బంతి పిసికింది, గోడ పట్టుకుని నడిచింది, అన్నిటికంటే ఎక్కువగా మంచం మీంచి లేవడానికి తంటాలు పడింది. ఒకరోజు పొద్దున్నే మేస్త్రి పళ్ళు తోముకుంటూ ఉండగా, ఎడం చేత్తో మంచం పక్క కమ్మీ పట్టుకుని, ఎడం పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు జారవిడిచి, తనంతట తను కూర్చుంది. నిలబడింది. గోడ గడియారం దాకా కర్ర పోటేసుకుంటూ వెళ్ళి, దానికి కీ ఇచ్చి, తిరిగొచ్చి పడుకుంది. ఎవరికీ చెప్పలేదు. గడియారం ఎవరు తిప్పారని మేస్త్రి అడిగితే, "ఇంట్లో ఎంతమందున్నారు?" అంది.

ట్రక్కు సంగతి ఆవిడే ఎత్తింది. "ముప్పై ఏళ్ళు నడిచే బండిలో నిలబడ్డానయ్యా. ఇప్పుడు నడిచే బండిలో పడుకుని చూస్తా. నువ్వు ఊళ్ళో అందరికీ అలమరలు చేశావు. నాకో అలమర చెయ్యి, లోపల నేను పట్టేంత." తర్వాత ఒక్క షరతు పెట్టింది. "పొద్దున్నే నేనే లేవాలి. నువ్వు లేపకూడదు. నన్నొకరు లేపాల్సి వస్తే, ఈ ప్రయాణం ఎందుకు, చెల్లెలు చెప్పే ఆ వృద్ధుల హోమ్‌కే పోతా. అక్కడ లేపడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు."

పాత ట్రక్కు దొరికింది. వెనక పెట్టె పొడవు పన్నెండడుగులు, వెడల్పు ఆరు. అందులో ఒక మంచం, పొయ్యి, కుళాయి, నీళ్ళ ట్యాంకు, బట్టల అర, మరుగుదొడ్డి మూల, ఇద్దరు మనుషులు, వాళ్ళ నలభై ఏళ్ళ అలవాట్లు పట్టాలి. ఇల్లు చిన్నదవుతున్న కొద్దీ దాన్ని గీయడం కష్టమవుతుంది. పెద్ద ఇంట్లో తప్పు చేస్తే ఆ గదిలోకి వెళ్ళడం మానేస్తాం. చిన్న ఇంట్లో తప్పు చేస్తే దాని మీదే పడుకోవాలి. నత్తల గురించి రాసిన శాస్త్రవేత్తలు ఒక మాట అంటారు. ఒక జాతి నత్తల గుల్లలు దాదాపు అన్నీ ఒకే వైపుకి మెలిక తిరుగుతాయట. ఎక్కడో ఒకటి రెండో వైపుకి తిరిగి పుడుతుంది. చూడ్డానికి ఏ లోపమూ ఉండదు, నడుస్తుంది, తింటుంది. కానీ మిగతా నత్తలతో దానికి జత కుదరదట. మేస్త్రి ఆ పుస్తకం చదవలేదు. చదివి ఉన్నా లాభం ఉండేది కాదేమో.

ముందుగదిలో కుర్చీలూ బల్లా బయట పెట్టేసి, ట్రక్కు నేలకి కొన్న మూడు ప్లైవుడ్ షీట్లని పక్కపక్కనే పరిచాడు. పన్నెండుకి ఆరు, సరిగ్గా. వాటి మీద సుద్దముక్కతో ఇల్లంతా నిజం కొలతల్లో గీశాడు. కాగితం మీద గీసిన ఇంట్లో ఎవరూ నడవలేరు, సుద్దతో గీసిన ఇంట్లో నడవొచ్చు. తల డ్రైవరు వైపు, కాళ్ళు వెనక తలుపు వైపు. కాళ్ళ దగ్గర పొయ్యి గట్టు, చోటు కలిసొస్తుందని పాదాలు ఆ గట్టు కిందికి దూరేలా. మంచం ఒక గోడకి, నడవడానికి దారి ఆవిడ ఎడం చేతి వైపు, దారికి అవతల కుళాయి. మంచం అంచున, సరిగ్గా ఆవిడ ఎడం చెయ్యి అందే చోట, నేల నుంచి పైకప్పు దాకా ఒక స్టీలు రాడ్డు. అది మామూలు రాడ్డు కాదు. డిపోలో తుక్కుకి పడేసిన పాత బస్సులోది, ఆవిడ పాత స్నేహితులు విప్పించి ఇచ్చారు. దానితో పాటు గంట, దాని తాడు. తాడు లాగితే డ్రైవరు దగ్గర గంట మోగుతుంది. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనియ్.

గీతల లోపల పేర్లు ఆవిడే రాసింది. ఎడం చేత్తో, అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలిపోతూ: మంచం, పొయ్యి, కుళాయి, రాడ్డు. వారం రోజులు ఇద్దరూ సుద్ద గీతల్లో కాపురం చేశారు. మంచం అని రాసిన చోట పరుపు వేస్తే ఆవిడ పడుకునేది. రాడ్డు అని రాసిన చోట మేస్త్రి నిటారుగా నిలబడేవాడు. ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని లేచేది.

"కదలకు మేస్త్రీ. నువ్వు రాడ్డువి. రాడ్డు నవ్వదు."

"ఏ స్టేజీ దాకా నిలబడాలి కండక్టరమ్మా?"

"చివరి స్టేజీ దాకా. టిక్కెట్టు తీసుకున్నావుగా."

పదిసార్లు పడుకుంటే పదిసార్లూ లేచింది.

వడ్రంగంలో ఒక పద్ధతి ఉంది. ప్లైవుడ్‌కి రెండు మొహాలు. నున్నగా, గీతలు అందంగా ఉండేది మంచి మొహం. దాన్నెప్పుడూ కిందికి పెట్టాలి. దాని మీద అడుగు పడకూడదు, పెన్సిలు పడకూడదు. మిషను రంపం పళ్ళు పై మొహాన్ని పెచ్చులు లేపుతాయి కాబట్టి కోతలన్నీ వెనక మొహం మీదే. 'మంచి మొహం కిందికి' అని మేస్త్రి తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేవాడు. వెనక మొహం మీద గీసిన ఎడమ, షీటు తిప్పాక కుడి అవుతుంది. అందుకే కోసే ముందు మూలన 'తిప్పాలి' అని రాసుకుని, కొలతలన్నీ తిరగేసి గీసుకునేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క అలమర తలుపు కూడా అటుది ఇటు కోయలేదు.

ఈ మూడు షీట్లనీ కూడా అలవాటు కొద్దీ మంచి మొహం కిందికే పరిచాడు. తిరగేసి గీయడమే మర్చిపోయాడు. మర్చిపోయాడనడం కూడా పూర్తిగా నిజం కాదు. కోసే రోజున ఆ వంకర అక్షరాలు చూస్తూ కూర్చున్నాడు. వాటిని తుడిచి మళ్ళీ గీయాలన్న ఆలోచన చెయ్యి దాకా రాలేదు. ఆవిడ రాసిన 'రాడ్డు' మీదే రాడ్డుకి కన్నం కోశాడు. 'కుళాయి' మీద నీళ్ళ పైపుకి కన్నం. మంచం కాళ్ళకి, ట్యాంకు బోల్టులకి, అన్నిటికీ. తర్వాత షీట్లు తిప్పి, మంచి మొహం పైకి వచ్చేలా, ట్రక్కు ఇనుప చట్రం మీద జిగురు పూసి, జానెడుకో స్క్రూ చొప్పున బిగించేశాడు. మర్నాడు రాడ్డుని కన్నంలో నిలబెట్టి, తల ఇటు, కాళ్ళు అటు అని మనసులో ఆవిణ్ణి పడుకోబెట్టుకుని చూసేసరికి అర్థమైంది. దారి ఆవిడ కుడివైపు వచ్చింది. ఎడం చెయ్యి గోడ వైపు.

వంగి షీటు అంచు గోటితో లేపి చూశాడు. జిగురు ఆరిపోయింది. విప్పితే షీట్లు చిరుగుతాయి. కొత్తవి తేవాలి, అన్నీ మళ్ళీ కోయాలి, అంటే నెల. అయినా అదేమీ చేయలేని పని కాదు. చెప్పడమే చేయలేని పని. ఇన్నాళ్ళుగా అందరికీ చెప్పిన మొదటి పాఠం దగ్గర తనే జారానని, అదీ ఆవిడ మంచం దగ్గర జారానని చెప్పాలి. రేపు చెబుదామనుకున్నాడు. రేపు కుళాయి బిగించాడు. ఎల్లుండి గట్టు. ఇటైతేనేం, అటైతేనేం, గది అదే గది కదా అని ఒకరోజు అనుకున్నాడు. అది ఎవరికైనా నిజమే, ఒక్క ఆవిడకి తప్ప. 'పూర్తయ్యాకే చూడు' అని ఆవిణ్ణి ట్రక్కు దగ్గరికి రానివ్వలేదు. డిపోలో అందరికీ ఆవిడ బయల్దేరే తేదీ చెప్పేసింది.

మొదటి రోజు ట్రక్కెక్కి పడుకోగానే ఆవిడ అడిగింది. "ఏమయ్యా, కుళాయి నా ఎడం చేతి వైపు కదా ఉండేది?"

ఇదీ చెప్పడానికి దొరికిన చోటు. మేస్త్రి నోరు తెరిచాడు.

"లేదు, కుడివైపే. అప్పుడూ ఇటే. నువ్వే తికమక పడుతున్నావు."

ఆవిడ నమ్మింది. జబ్బు చేశాక ఆవిడకి కుడి ఎడమల విషయంలో నిజంగానే తికమక ఉండేది. ఒక కాలి చెప్పులో ఇంకో కాలు పెట్టేది. డాక్టరు కూడా చెప్పాడు. ఆ మాటని మేస్త్రి అలా వాడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ లేవబోయింది. ఎడం చెయ్యి ఛాతీ మీదుగా చాపి రాడ్డు అందుకుంది, లాగింది. బరువంతా చచ్చుబడిన భుజం మీద పడి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ లాగింది. మూడోసారికి రాడ్డు వదిలేసి పైకప్పు చూస్తూ పడుకుంది. మేస్త్రి వచ్చి ఎత్తాడు. అన్ని దారులూ వెతికాడు. తిరగేసి పడుకోబెడదామంటే తల పొయ్యి గట్టు కింద ఉంటుంది. గోడకి ఎడం చేతివైపు ఒక పిడి బిగించాడు. అది లాగితే ఆవిడ గోడ దగ్గరికి వెళ్తుంది తప్ప నేల మీదికి రాదు. మూడో రోజున ఆవిడ రబ్బరు బంతిని కిటికీలోంచి పొలాల్లోకి విసిరేసింది. ఎడం చేత్తో, చాలా దూరం.

ఆ మధ్యాహ్నమే చెల్లెలు ఫోను చేసింది. "బావా, అక్క గొంతేంటి అలా ఉంది? ఆ హోమ్‌వాళ్ళు మంచం ఇంకెన్నాళ్ళు ఆపుతారు? నీ ఇల్లు బాగానే ఉంటుంది, నేను కాదన్నానా? అక్క బాగుండాలి కదా."

మళ్ళీ చేస్తానని మేస్త్రి ఫోను పెట్టేశాడు.

ఇవాళ పొద్దున్నే మేస్త్రి ఎత్తుతుంటే ఆవిడ మెల్లగా చెప్పింది. "ఇంట్లో లేవగలిగాను. ఇక్కడికొచ్చాక చెయ్యి ఇంకా దిగిపోయినట్టుంది. నీ తప్పేం లేదు, బాగా కట్టావు. చెల్లికి చెప్పెయ్, ఆ మంచం ఉంచమను." మేస్త్రి కిందికి దిగి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ట్రక్కు వెనక్కి తిప్పాడు. అంటే చెప్పు తెగేసరికి వాళ్ళు వెళ్ళడం లేదు, తిరిగి వస్తున్నారు.

చెప్పులాయన చెప్పు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "కుడికాలు ఈడుస్తావా అక్కా? అడుగంతా ఒక పక్కే అరిగింది. పై తోలు కూడా మార్చాలి, పది నిమిషాలు పడుతుంది." పెట్టెలోంచి తోలు ముక్క తీసి, బోర్లించి, దాని మీద సున్నపు ముక్కతో గీయడం మొదలుపెట్టాడు.

"మంచి మొహం కిందికే పెట్టి గీస్తావా అన్నయ్యా?" అంది కండక్టరమ్మ. మేస్త్రి భార్య కాబట్టి ఆవిడకి ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. "మా ఆయనకీ అదే జబ్బు. ఆకలేస్తే అన్నం తినడైనా మర్చిపోతాడు గానీ చెక్క మంచి మొహం తొక్కడు."

"అయితే అన్న కూడా మనవాడే," అన్నాడు చెప్పులాయన సంబరంగా. "తోలుకీ అంతే అక్కా. గీత వెనకే గీయాలి. కానీ అందులో ఒక తిరకాసుంది. వెనక గీసిన కుడికాలు, తిప్పితే ఎడంకాలు. నేను పని నేర్చుకునేటప్పుడు ఆరు జతలు కోసెయ్యమన్నారు. ఆ హుషారులో అచ్చు తిప్పకుండా కోసేశా. కుట్టాక చూస్తే పన్నెండూ ఎడంకాలివే. మా గురువు ఏమన్నాడో తెలుసా? 'వెళ్ళి రెండు ఎడంకాళ్ళున్నవాణ్ణి వెతుక్కురా' అన్నాడు."

కండక్టరమ్మ పగలబడి నవ్వింది. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

"నీకెప్పుడూ అలా కాలేదా అన్నా?" అన్నాడు చెప్పులాయన.

మేస్త్రి రోడ్డు వైపు చూశాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడ్డ మనిషికి కొన్ని విషయాలు చదువు లేకుండానే వస్తాయి. టిక్కెట్టు తీసుకున్నవాడు కండక్టరు వైపు చూస్తాడు. తీసుకోనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, అక్కడ ఏదో చాలా ముఖ్యమైనది కనిపిస్తున్నట్టు. రోడ్డు మీద ఏమీ లేదు. మేస్త్రి దాన్నే చూస్తున్నాడు. కండక్టరమ్మ నవ్వు మెల్లగా తగ్గి ఆగిపోయింది.

ఆవిడ ట్రక్కు వైపు తిరిగి, తెరిచి ఉన్న వెనక తలుపుల్లోంచి లోపలికి చూసింది. కుళాయి, రాడ్డు, గోడ, గోడకి కొత్తగా బిగించిన పిడి. ఎడం చెయ్యి కాస్త పైకెత్తి, గాలిలో ఏదో పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"మేస్త్రీ."

"ఊఁ."

"కుళాయి ఎటు ఉండేది?"

చెప్పులాయన దబ్బనం ఆపి ఇద్దరినీ చూసి, మళ్ళీ తల వంచుకున్నాడు.

"ఎడం వైపు," అన్నాడు మేస్త్రి.

"నీకెప్పుడు తెలిసింది?"

"నేల బిగించిన మర్నాడు."

"అంటే నెల పైన." ఆవిడ గొంతు పెంచలేదు. స్టేజీలు లెక్కపెడుతున్నట్టు ఉంది. "తికమక పడుతున్నానన్నావు."

మేస్త్రి చూపు గోడకి బిగించిన పిడి మీదికి వెళ్ళింది.

"మూడు రోజులుగా నేను లేవలేక కొట్టుకుంటుంటే పక్కనే నిలబడి చూశావు."

"ఎత్తాను కదా," అన్నాడు మేస్త్రి. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అదెలా ఉందో తెలియలేదు.

"ఎత్తావు," అంది ఆవిడ. "ఎత్తావు. నేను నా చెయ్యి పోయిందనుకున్నా."

"మళ్ళీ కడతాను. ఇంటికెళ్ళగానే అంతా విప్పేసి..."

"చెక్క విప్పుతావు."

ఆవిడ తిట్టి ఉంటే మేస్త్రికి ఎక్కడో ఒకచోట చెయ్యి ఆనించుకోడానికి దొరికేది. ట్రక్కు ఎక్కి ఏదైనా చెయ్యాలనిపించింది. అక్కడ చెయ్యడానికి ఏమీ లేదు. జేబులో చెయ్యి పెడితే ఎప్పుడో వేసుకున్న సుద్దముక్క తగిలింది. దాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడ్డాడు. చెప్పులాయన తొందర తొందరగా నాలుగు కుట్లు వేసి, దారం కొరికి, వంగి ఆవిడ కుడికాలికి చెప్పు తనే తొడిగాడు. "కుడిదే అక్కా. చూసుకునే కోశాను," అన్నాడు మెల్లగా, తను ఏం తప్పు చేశాడో తెలియనివాడిలా.

దూరం నుంచి బస్సు వస్తోంది.

ఆవిడ ఎడం చెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి, ఎడం పక్కకి ఒత్తిగిలి, లేచింది. ఒక్కసారే. మేస్త్రి అలవాటుగా రెండు చేతులూ చాపి ముందుకొచ్చాడు. ఆ చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. ఆవిడ కుర్చీకి ఆనించి ఉన్న కర్ర అందుకుని, సంచీ వెనక్కి తోసుకుని, బస్టాపు వైపు నడిచింది. కొత్త తోలు నేలని గీరుతూ చప్పుడు చేసింది. ఆ సంచీలో రిటైరైనవాళ్ళకిచ్చే పాసు ఎప్పుడూ ఉంటుందని మేస్త్రికి తెలుసు. ఇంట్లో కూడా ఆవిడ దాన్ని అందులోంచి తీయదు.

బస్సు ఆగింది. ఆవిడ కర్రని సంచీ పట్టీలో దూర్చి, తలుపు దగ్గరి రాడ్డుని ఎడం చేత్తో పట్టుకుంది. బస్సు తలుపుకి రెండు పక్కలా రాడ్లుంటాయి. ఏ చెయ్యి పనిచేసేవాళ్ళకి ఆ చెయ్యి. మేస్త్రి జీవితమంతా బస్సులెక్కుతూ ఆ సంగతి ఎప్పుడూ గమనించలేదు. మొదటి మెట్టు మీద ఆవిడ కాస్త ఆగింది. వెనక్కి తిరుగుతుందేమోనని చూశాడు. కుడికాలిని పైకి లాక్కోడానికి ఆగింది, అంతే. రెండో మెట్టు. తర్వాత లోపల ఎవరో జరిగి చోటిచ్చినట్టు కనిపించింది.

కండక్టరు వెనక తలుపు దగ్గర చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు, చేతులు రెండూ సంచీలోనే ఉన్నాయి. ముందు వైపు గంట రెండుసార్లు మోగింది. డ్రైవరు బండి కదిలించాడు.

దుమ్ము సర్దుకున్నాక చెప్పులాయన లేచి మేస్త్రి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అక్క ఎటు వెళ్తోందన్నా? మీ ఊరు బస్సేనా అది?"

మేస్త్రి రెండు రోడ్లనీ చూశాడు. నలభై ఏళ్ళ నుంచి కండక్టరమ్మ మొగుడు, బస్సు బోర్డు చదవలేదు.

"చూడలేదు," అన్నాడు.